ఉదయం 90, మధ్యాహ్నం 96: ఆక్సిమీటరులో ఏ అంకెను నమ్మాలి?

మాది ఒంగోలు వైపు కందుకూరు దగ్గర ఒక పల్లెటూరు. అరవై ఏడేళ్ల మా అమ్మకు సంక్రాంతి మరునాడు కోవిడ్ పాజిటివ్ అని తేలింది. టీకా రెండు డోసులూ వేయించుకున్నది, జ్వరం కూడా రెండో రోజుకే తగ్గింది కనుక డాక్టరు గారి సలహా మీద ఇంట్లోనే విడిగా గదిలో ఉంచాము.

నా సందేహమంతా వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సిమీటరు గురించే. తెల్లవారుజామున మంచు పడుతున్న వేళ చూస్తే 90, ఒక్కోసారి 89 చూపుతోంది. అదే ఎండెక్కాక చూస్తే 96కు తగ్గడం లేదు. తెల్లవారుజామున ఆమె చేతులు చన్నీళ్లలో ముంచి తీసినట్టు ఉంటాయి. పైగా పండుగకని పెట్టుకున్న గోరింటాకు గోళ్ల మీద ఇంకా ఎర్రగానే ఉంది (వద్దంటే వినే మనిషి కాదు). వేళ్లు చల్లబడినా, గోరింటాకు ఉన్నా అంకె తప్పు రావచ్చని విన్నాను గానీ, 94 కన్నా తగ్గితే ఆలస్యం చేయవద్దన్న మాట గుర్తుకొచ్చి ఒంగోలుకు కారు మాట్లాడబోయి రెండుసార్లు ఆగిపోయాను.

ఆయాసం లేదు, అన్నం తింటోంది. చేతులు బాగా రుద్ది వెచ్చబరిచి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి చూస్తే వచ్చే అంకెనే లెక్కలోకి తీసుకోవచ్చా? రంగు లేని చెవి తమ్మెకు ఈ వేలి పరికరాన్నే తగిలిస్తే సరిగా చూపుతుందా? నడిస్తే ఆక్సిజన్ పడిపోతుందేమో తెలుసుకోవడానికి గదిలోనే ఆరు నిమిషాలు నడిపించి చూడడం ఈ వయసులో క్షేమమేనా? వైద్యం తెలిసినవారు, ఇంట్లో పెద్దవారిని ఇలాగే చూసుకున్నవారు దయచేసి చెప్పగలరు.