నదీలోయలో ఒక పగటి నడక: పాపికొండలా, గండికోటా?

ఆత్రేయపురం బాటసారి
మేము అయిదుగురం స్నేహితులం. సంక్రాంతి వెళ్లాక, నది కొండను కోసుకొని పారే చోట ఒక పగలంతా నడవాలని అనుకుంటున్నాము. పుట్టి పెరిగింది కాలువగట్ల మీద కనుక పది కిలోమీటర్లు నడవడం మాకు లెక్క కాదు గాని, రాతి నేల మీద నడిచిన అనుభవం మాలో ఎవరికీ లేదు. పాపికొండలు దగ్గర, గండికోట దూరం. వెళ్లివచ్చినవారు దయచేసి వివరంగా చెప్పండి.

ధవళేశ్వరం గట్టు
నడకే ముఖ్యమనుకుంటే పాపికొండలను పక్కన పెట్టండి. అందంలో దానికి వంక పెట్టలేము, కాని అక్కడ దారి అంటే నీరే. గోదావరి తూర్పు కనుమలను చీల్చుకొని వచ్చే ఆ ఇరుకులో ఒడ్డు వెంట మాకు కాలిబాట కనిపించలేదు. పైగా ఆ అడవి 2008 నుండి జాతీయ ఉద్యానవనం కాబట్టి ఇష్టం వచ్చిన చోట దిగి తిరగడం కుదరదు. గండి పోచమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కి, పేరంటాలపల్లిలో దిగి, కొండ మీద నుంచి వచ్చే సెలయేటిలో కాళ్లు కడుక్కొని మళ్లీ లాంచీ ఎక్కాము. మొత్తం నడక అరగంటకు మించలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని మన వైపు ఎవరూ మరచిపోలేదు. అందుచేత ఎప్పుడు వెళ్లినా లైఫ్ జాకెట్టు చేతికిచ్చేదాకా పడవలో కాలు పెట్టకండి, ఎర్రనీరు వచ్చే రోజుల్లో ఆ ఊసే ఎత్తకండి.

వైనతేయం
గట్టు గారితో ఏకీభవిస్తున్నాను. మేము నలుగురం నిరుడు డిసెంబరులో గండికోట వెళ్లాము. గండి అనగానే మన కోనసీమవాళ్లకు 1986 ఆగస్టు వరద, తెగిన ఏటిగట్టు కళ్లముందు మెదులుతాయి గనుక మా అమ్మ ఆ పేరు వినగానే ముఖం మాడ్చుకొంది. అక్కడ గండి అంటే కొండల నడుమ నది చేసుకొన్న సందు అని, దాని అంచున కట్టినది గనుక గండికోట అయిందని చెప్పి ఒప్పించవలసి వచ్చింది.

రాత్రి రైలులో కడప చేరి, బస్సులో జమ్మలమడుగు, అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు ఆటోలో వెళ్లాము. ఆ సాయంత్రం కోట లోపలి జామా మసీదు, ధాన్యాగారం, రంగనాథస్వామి ఆలయం చూచి, నడకను మరునాటి తెల్లవారుజాముకు ఉంచుకొన్నాము. అదే మంచిదయింది, ఎందుకంటే పది గంటలకే బండలు పెనంలా కాలుతాయి. పెన్నకు దిగేటప్పుడు మెట్లు లేవు, ఇల్లంత బండల మధ్య చేతులు ఆనించి దిగాలి. దిగడానికి ముప్పావుగంట పడితే ఎక్కడానికి రెట్టింపు పట్టింది. కింద ఉన్నది మైలవరం జలాశయం వెనుక నీరు కాబట్టి జలాశయం నిండుగా ఉంటే ఒడ్డు వెంట నడిచే చోటు తగ్గిపోతుంది. ముందుగా జమ్మలమడుగులో అడిగి తెలుసుకోండి.

నాకు అన్నింటికన్నా మనసులో నిలిచినది ఒక పలక. వరద తీసిన తరువాత మన రేవులో ఇసుకతిన్నె మీద మిగిలే అలల చారలు ఆ ఎర్రరాతి మీద అచ్చంగా అలాగే ఉన్నాయి, వేలితో తడిమితే గరుకుగా తగిలాయి. ఆ కొండ మొత్తం ఒకప్పుడు నీటి అడుగున పేరుకొన్న ఇసుకేనట. మన ఇసుకతిన్నెకు తాత అనుకొన్నాను.

నరసాపురం రేవు
వైనతేయం గారూ, బూట్ల సంగతి మరచిపోయారు. నేను ఆరేళ్ల క్రితం కొని అటక మీద దాచిన ఖరీదైన బూట్లు వేసుకొని అక్కడికి వెళ్లాను. సగం దిగేసరికి కుడి బూటు అడుగు నోరు తెరిచింది, ఇంకాసేపటికి ఎడమది ముక్కలు ముక్కలుగా రాలింది. మన ఉప్పుగాలి తేమకు వాడకుండా ఉంచిన పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్ అడుగు తనంత తానే పుచ్చిపోతుందని తరువాత చెప్పులు కుట్టే ఆయన చెప్పాడు. పూతరేకుల డబ్బాకు చుట్టిన కొబ్బరితాడు విప్పి, రెండు బూట్లను పాదాలకు కట్టుకొని పైకి వచ్చాను. డబ్బాలో రేకులు పొడి అయ్యాయి, అది వేరే సంగతి.

మంచినీళ్లు మనిషికి మూడు లీటర్లు తీసుకువెళ్లండి. కింద నది ఉంది కదా అని మావాడు ఒక్క సీసాతో బయలుదేరాడు. కాని కదలకుండా పచ్చగా నిలిచిన ఆ నీటిని నోట పెట్టుకోవడానికి వాడికే మనసొప్పలేదు, చివరికి అందరి సీసాలూ వాడి వైపే తిరిగాయి.

కాకినాడ గాలి
ఒక్క పగటి నడక కోసం రెండు రాత్రులు ప్రయాణమా? మారేడుమిల్లి వెళితే జలతరంగిణి, అమృతధార చూచి రాత్రికి ఇల్లు చేరవచ్చు కదా.

వైనతేయం
అవి జలపాతాలండి, అడవిలో చల్లగా ఉంటాయి. వారు అడిగినది నదీలోయ. పొద్దు ఎక్కేకొద్దీ ఎదుటి గోడ మీద నుంచి నీడ అంగుళం అంగుళం కిందికి జారడం మారేడుమిల్లిలో కనిపించదు.

ఆత్రేయపురం బాటసారి
అందరికీ ధన్యవాదాలు. గండికోట నిశ్చయం చేసుకొన్నాము. రేవు గారు చెప్పిన తరువాత అయిదుగురి బూట్లూ అరుగు మీద పెట్టి వంచి చూచాను. రెండు జతల అడుగులు చేతిలోనే చిట్లాయి, అందులో ఒకటి నాదే. కొత్తవి కొని ఇప్పటినుంచే గట్టు మీద నడుస్తున్నాము. పూతరేకులు మాత్రం మా వాళ్లు వద్దన్నా తెస్తాను, స్టీలు క్యారియరులో.