పేపర్ డబ్బాల యాక్టివిటీ: మాక్సిమా ఒక్కో గ్రూపుకి ఒక్కోలా వస్తుంది, హెల్ప్ ప్లీజ్

వన్‌బీ_మేడం:
సార్లూ మేడమ్‌లూ కొంచెం హెల్ప్ కావాలె. మధ్యాహ్నం నుంచి తల పగిలిపోతుంది. ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు మాక్సిమా మినిమా (గరిష్ఠం, కనిష్ఠం) బోర్డు మీద ఎంత చెప్పినా డెరివేటివ్ (మార్పు రేటు) సున్నా పెట్టుడు తప్ప ఇంకేం ఎక్కుతలేదని ఈసారి పేపర్ డబ్బాలు చేయించిన. నాలుగు మూలల్ల చదరాలు కోసి, మడిచి, టేపు వేసి, ఏ డబ్బాల ఎక్కువ పడుతదో నింపి చూడుర్రి అన్న. ఒక్కో గ్రూపుది ఒక్కో ఆన్సర్! రావాల్సింది మాత్రం ఎవ్వరికీ రాలే. ఒక పిల్ల అయితే ఫార్ములానే తప్పేమో మేడం అంటుంది. రేపు మళ్లీ అదే క్లాస్. ఎక్కడ తేడా కొడుతుందో చెప్పండి.

ఖమ్మం_కుర్రాడు:
పేపర్ సైజు?

ఎస్వీఆర్_విశ్రాంత:
అమ్మా, అసలు దీనికి కత్తెరా వద్దు, టేపూ వద్దు, ఆ మాటకొస్తే డెరివేటివ్ కూడా వద్దు. 24 సెం.మీ. చదరం తీసుకోండి. కోత ఎక్స్ అయితే ఘనపరిమాణం ఎక్స్ ఇంటూ (24 − 2ఎక్స్) ఇంటూ (24 − 2ఎక్స్). ఎక్స్‌ని నాలుగుతో గుణించి చూడండి, 4ఎక్స్, 24 − 2ఎక్స్, 24 − 2ఎక్స్, మూడూ కలిపితే 48, ఎక్స్ ఎంతైనా ఆ 48 మారదు. మొత్తం మారని మూడు ధన సంఖ్యల లబ్ధం అవి సమానమైనప్పుడే గరిష్ఠం. కాబట్టి 4ఎక్స్ = 24 − 2ఎక్స్, ఎక్స్ = 4, అయిపోయింది. అంకమధ్యమం గుణమధ్యమం కన్నా తక్కువ కాదు అన్న ఒక్క ముక్క పిల్లలకి ముందే చెప్పరు, తిన్నగా డెరివేటివ్ చేతికిస్తారు, వాళ్లు ఆలోచించడం మానేస్తారు. ఇది నేను ఎన్నేళ్లనుంచో మొత్తుకుంటున్నాను, వినేవాడు లేడు.

ఖమ్మం_కుర్రాడు:
సార్, ఆ పేపర్ చదరమో కాదో మేడం ఇంకా చెప్పలేదు.

ర్యాంక్_బ్యాచ్:
30 ఇంటూ 80 రేకు మూలలు కోసి డబ్బా చేసే లెక్క, పైన అర్ధవృత్తం ఉన్న కిటికీ లెక్క. రెండూ ప్రాక్టీస్ చేయిస్తే 7 మార్కులు గ్యారంటీ. డబ్బాలెందుకు?

వన్‌బీ_మేడం:
మామూలు పేపరే, జిరాక్స్ షాపుల దొరికేది. 2 సెం.మీ. నుంచి 5 దాకా అర సెంటీమీటర్ తేడాతో గ్రూపుకొకటి కోసిన్రు. 21ని 6తో భాగిస్తే 3.5 రావాలె కదా. ఒకళ్లు 4 అంటరు, ఒకళ్లు 4.5, ఇంకో గ్రూపు మాదే గెలిచింది 3 అని ఒకటే లొల్లి. హాస్టల్ కిచెన్ నుంచి బియ్యం తెచ్చి నింపినం.

గ్రాఫ్_పిచ్చి:
మేడం, రెండు సంగతులు కలిసిపోయాయి ఇక్కడ.

జిరాక్స్ పేపర్ అంటే ఏ4, 21 ఇంటూ 29.7. భుజంలో ఆరో వంతు అనేది చదరానికే. పైన చెప్పిన 30, 80 లెక్కే చూడండి, ఆన్సర్ 20/3, 30లో ఆరో వంతు 5 కాదు. ఏ4కి డెరివేటివ్ సున్నా పెడితే ఎక్స్ సుమారు 4.04 వస్తుంది. అంటే 4 అన్న గ్రూపుదే రైట్.

రెండోది బియ్యం. లెక్క కడితే 3.5 కోతకి సుమారు 1112 ఘన సెం.మీ., 4కి 1128, 4.5కి 1118. 3.5కీ 4కీ మధ్య తేడా ఎంత, 16. మూడు టీస్పూన్ల బియ్యం! 4 కోసిన డబ్బా అడుగు 282 చదరపు సెం.మీ., పైన ఒక్క మిల్లీమీటర్ కుప్పగా పోసినా 28 ఎక్కువొచ్చేస్తుంది. 3 వాళ్లది నిజానికి 1066, కానీ వాళ్ల డబ్బా ఇంకా వెడల్పు, రెండు మిల్లీమీటర్లు కుప్ప పోస్తే చాలు గెలిచేస్తారు. పైగా పల్చటి కాగితం గోడలు బియ్యం బరువుకి ఉబ్బుతాయి. అట్ట వాడి, స్కేలు అడ్డంగా లాగి సమం చేయకపోతే శిఖరం దగ్గర ఎవరు గెలుస్తారో చెప్పలేం.

నేనైతే ఈ లొల్లినే పాఠం చేస్తా. 1 నుంచి 9 దాకా ఒక్కో సెంటీమీటర్ కోయించండి, లోపలి కొలతలు స్కేలుతో తీసి గుణించి గ్రాఫ్ షీట్ మీద చుక్కలు పెట్టమనండి. 1కి 526, 2కి 874, 4కి 1128, 6కి 956, 8కి 548, ఇలా వస్తాయి. పళ్లెంలా ఉన్న 1 సెం.మీ. డబ్బా, పొడుగ్గా నిలబడ్డ 8 సెం.మీ. డబ్బా దాదాపు సమానం అంటే పిల్లలు నమ్మరు, ఆ రెండూ మాత్రం బియ్యంతో నింపి చూపించండి. తర్వాత వంపు మీద స్కేలు ఆనించి జరుపుకుంటూ పోతే 4 దగ్గర అడ్డంగా పడుకుంటుంది. డెరివేటివ్ సున్నా అంటే అక్కడ అటూ ఇటూ కొంచెం జరిగినా పెద్దగా మారదనే కదా, మీ గ్రూపులు కొట్లాడుకుంది అందుకే.

స్లైడర్_శీను:
జియోజీబ్రాలో (గ్రాఫ్‌లు గీసే సాఫ్ట్‌వేర్) స్లైడర్ పెడితే ఇదంతా రెండు నిమిషాల పని అండి, ఫ్రీ కూడా.

వన్‌బీ_మేడం:
కంప్యూటర్ ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుందో తెలిస్తే అదే చేద్దును సార్.

ఎస్వీఆర్_విశ్రాంత:
"4 అన్న గ్రూపుదే రైట్" అన్నారు. దేనికి? గరిష్ఠ విలువ 1128, 4.04 అనేది ఆ విలువ ఎక్కడొస్తుందో ఆ బిందువు. పరీక్షలో సగం మంది ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

గ్రాఫ్_పిచ్చి:
ఎంత కోయాలి అనే కదా సార్ ప్రశ్న, ఎంత పడుతుంది అని కాదు.

స్లైడర్_శీను:
మరి మినిమా? సమీకరణానికి రెండో మూలం 12.86 కూడా ఉందిగా.

ఖమ్మం_కుర్రాడు:
వెడల్పే 21. రెండు వైపులా 12.86 ఎలా కోస్తారు?

స్లైడర్_శీను:
అయితే కనిష్ఠం 0 దగ్గర అనుకోవాలా? 10.5 దగ్గర కూడా ఘనపరిమాణం సున్నానే.

ఎస్వీఆర్_విశ్రాంత:
ప్రదేశంలో, అంటే ఎక్స్ తీసుకోగల విలువల్లో (డొమైన్), చివరి బిందువులు కలుపుకుంటే పరమ కనిష్ఠం ఉంది, వదిలేస్తే లేదు. ముందు ప్రదేశం రాయకుండా కనిష్ఠం గురించి మాట్లాడకూడదు.

స్లైడర్_శీను:
కలుపుకున్నా 0 దగ్గర లోకల్ మినిమమ్ (చుట్టుపక్కల విలువల్లో కనిష్ఠం) అనొచ్చా లేదా? అక్కడ డెరివేటివ్ సున్నా కాదుగా.

గ్రాఫ్_పిచ్చి:
కోత 0 అయితే అది డబ్బానే కాదు, కాగితం. ఫస్టియర్ పిల్లలకి ఇది చాలు.

ఎస్వీఆర్_విశ్రాంత:
చాలదు. నిర్వచనం నిర్వచనమే.

వన్‌బీ_మేడం:
థాంక్స్ అందరికీ, 1 నుంచి 9 చేయిస్తా. బియ్యం కొంచెమే అడుగుత ఈసారి, పోయినసారి కిందపడ్డయి ఏరుడే అయింది.

ఖమ్మం_కుర్రాడు:
మీకు 3.5యే రావాలంటే ముందు పేపర్‌ని 21 ఇంటూ 21 కోసుకోండి మేడం.

ఎస్వీఆర్_విశ్రాంత:
దీర్ఘచతురస్రానికి కూడా అంకమధ్యమంతోనే చేయవచ్చు, గుణకాలు సరిగ్గా ఎంచుకోవాలి అంతే. వీలు చూసుకుని పూర్తిగా రాస్తాను.