స్క్రోల్ సా మీద లేసు డిజైను: బ్లేడ్లు తెగ తెగిపోతున్నాయి

పంటకాలువ (నర్సాపురం పక్క పల్లె):
నమస్కారమండి అందరికీ. కిందటి నెల పదహారు అంగుళాల స్క్రోల్ సా (సన్నటి బ్లేడు పైకీ కిందకీ ఆడుతూ మెలికల డిజైన్లు కోసే మిషన్) ఒకటి కొన్నాను. మా అత్తగారు నలభై ఏళ్లు లేసు అల్లారు, ఇప్పుడు చూపు ఆనక మానేశారు. ఆవిడ అల్లిన గుండ్రటి మ్యాట్ ఒకదాన్ని ఫోటో తీసి, అదే డిజైను చెక్కలో కోసి ఆవిడ గదిలో గోడకి పెడదామని నా సరదా. మా పెంకుటిల్లు విప్పినప్పటి టేకు తలుపు పలకని సామిల్లులో పావంగుళం మందానికి కోయించుకుని మొదలెట్టాను. ఆదివారం ఒక్కరోజే ఏడు బ్లేడ్లు విరిగాయి. గీత మీద పెడితే బ్లేడు కుడివైపుకి లాగేస్తోంది, అంచులు మాడి నల్లగా అవుతున్నాయి. పైగా మిషన్‌తో వచ్చిన పిన్ను బ్లేడు (రెండు చివర్లా అడ్డంగా చిన్న పిన్నుంటుంది) దూరాలంటే ఆరు ఎంఎం కన్నం పెట్టాలి, లేసులో కన్నమే అంత ఉండదు! మా ఆయన "మిషన్ వెనక్కిచ్చేయ్" అంటున్నారు. తప్పు మిషన్‌దా, నాదా?

గోదారిగట్టు (భీమవరం):
లేజర్ కటింగ్ షాపులో ఇవ్వండి మేడమ్, పది నిమిషాల పని.

పంటకాలువ:
వాళ్లకిచ్చేస్తే ఇక నాకు పనేముందండి.

టేకుపొట్టు (రాజమండ్రి):
మిషన్‌కి ఏమీ కాలేదమ్మా, వెనక్కివ్వకు. ముందు ఆ పిన్ను బ్లేడ్లు పక్కన పడెయ్. రెండు చివర్లా పిన్నుల్లేని సాదా బ్లేడ్లుంటాయి, ఐదంగుళాల పొడవు, డజన్ల లెక్కన అమ్ముతారు. నీ మిషన్‌కి అవి పట్టే క్లాంపులు లేకపోతే అడాప్టర్లు విడిగా దొరుకుతాయి. ఆరు ఎంఎం ప్లైవుడ్‌కి 3 నంబరు, టేకుకి 5 నంబరు చాలు. అప్పుడు ఒకటిన్నర ఎంఎం డ్రిల్ బిట్టుతో కన్నం పెట్టినా బ్లేడు దూరిపోతుంది.

విరగడానికి సగం కారణం టెన్షన్. బిగించాక బ్లేడుని వేలితో మీటి చూడు, వీణ తీగలా "టింగ్" అనాలి. "టడ్" అని మొద్దుగా మోగితే వదులు. వదులుగా ఉంటే మలుపు దగ్గర వంగిపోయి విరుగుతుంది. మిగతా సగం తోయడం. ఇది చేతి రంపం కాదు, బలం పెట్టి తోస్తే లొంగేది కాదు. చెక్కని బల్లకేసి కిందకి నొక్కిపట్టి, ముందుకి మాత్రం మెల్లగా జరపాలి. మేం వడ్రంగులం కదా, మొదట్లో నేనూ చిత్రిక పట్టినట్టు తోసేవాణ్ణి, అలా ఎన్ని బ్లేడ్లు తగలేశానో లెక్కలేదు.

కుడికి లాగడం నీ చెయ్యి తప్పు కాదు. బ్లేడు తయారీలో పళ్లకి ఒకవైపు సన్నటి గరుకు అంచు మిగులుతుంది, ఆ వైపు ఎక్కువ కోస్తుంది. పనికిరాని ముక్క మీద తిన్నగా గీత గీసి కోసి చూడు, చెక్కని మూడు నాలుగు డిగ్రీలు వారగా తిప్పి పట్టుకుంటే గీత మీదే పోతుంది. ఎంత తిప్పాలో ఆ ముక్కే చెబుతుంది.

టేకులో ఇసక లాంటి సిలికా ఉంటుంది, పళ్లని తొందరగా అరగదీస్తుంది. అరిగిన బ్లేడుతో కోస్తే చెక్క మాడుతుంది. డిజైను కాగితం మీద పార్సిల్ టేపు, అదే పారదర్శకంగా ఉండేది, అంటించి కొయ్యి, మాడడం చాలా తగ్గుతుంది. పాత తలుపంటున్నావు కదా, విరిగిన మేకు ముక్కలు లోపల ఉంటాయి, అయస్కాంతంతో ఓసారి తడిమి చూసుకో. ముక్కుకి మాస్కు మర్చిపోకు, టేకు పొడి కొందరికి దద్దుర్లు, దగ్గు తెప్పిస్తుంది.

ఇంకోటి. బల్లకి బ్లేడు నిటారుగా ఉందో లేదో కొలబద్దతో చూస్తే నమ్మకం లేదు. అంగుళం మందం ముక్క తీసుకుని అంచున ఆ బ్లేడుతోనే చిన్న గాటు పెట్టు, మిషన్ ఆపి, ముక్కని బ్లేడు వెనక్కి తిప్పి ఆ గాటులోకి బ్లేడు వెనక అంచు దూరుతుందేమో చూడు. ఎక్కడా తగలకుండా జారితే నిటారే.

కొబ్బరిచిప్ప (అమలాపురం):
టేకుపొట్టు గారు చెప్పాక మాబోటి వాళ్లకి ఏముంటుందండి. అయినా ఒక మాట. లేసుకి టేకు పలక వద్దు, సన్నటి చోట నార అడ్డంగా పడితే చెయ్యి తగిలినా విరుగుతుంది. మూడు ఎంఎం బిర్చ్ ప్లైవుడ్ రెండు పలకలు అంచులకి టేపేసి కలిపి కోయండి. ఒక్కటే అయితే పట పటా అదిరిపోతుంది, రెండైతే కుదురుగా ఉంటుంది, పైగా ఒకటి పాడైనా ఇంకోటి మిగులుతుంది. దారం సన్నగా ఉన్నా చెక్కలో రెండు ఎంఎం కంటే తగ్గించొద్దు. నడుమ కన్నాలు ముందు కోసి, బయటి అంచు ఆఖర్న కోయండి, అప్పటిదాకా చుట్టూ చెక్క గట్టిగా పట్టుకుని ఉంటుంది. మన గాలిలో తేమకి ఇనప బల్ల వారంలో తుప్పు పడుతుంది, కొవ్వొత్తి రుద్ది గుడ్డతో తుడవండి. చెక్క కూడా జారుడుగా కదులుతుంది.

చిప్పలు కోయొచ్చా అని ఇంకెవరైనా అడిగేలోపే చెప్తున్నా, గుండ్రటి చిప్పని అలాగే పెట్టొద్దండి, బల్ల మీద కుదురుకోక ఎగిరి చేతికి తగులుతుంది. నాకు బొటనవేలికి మూడు కుట్లు. 96 తుఫానుకి కూలిన పనస దుంగ మా పెదనాన్న ఇంట్లో ఇంకా ఉంది, దాని పచ్చటి పలక మీద కోస్తే మాత్రం పండగే.

పంటకాలువ (రెండు వారాల తర్వాత):
అయిందండి! 3 నంబరు బ్లేడ్లు, ప్లైవుడ్ రెండు పొరలు. మొత్తం నూట పన్నెండు కన్నాలు. ఒక్కో కన్నానికీ పై క్లాంపు విప్పి, బ్లేడు కిందనుంచి దూర్చి, మళ్లీ బిగించి, మీటి చూసుకుని కోశాను, సాయంత్రాలు పదకొండు పట్టింది. బ్లేడ్లు నాలుగే విరిగాయి.

అత్తగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని వేళ్లతో చుట్టూ తడిమారు. "రెండో వరసలో ఒక రేకు తగ్గింది, లెక్క చూసుకోలేదా?" అన్నారు. ఫోటోతో పోల్చి చూస్తే నిజమే. రెండో పలక ఇంకా విప్పలేదు, కానీ అదీ దీంతో కలిపే కోశాను కదా, అందులోనూ అదే తప్పు.

పనస పలక అమ్ముతారాండి కొబ్బరిచిప్ప గారూ?