ధర అదే, సరుకు తక్కువ: దీన్ని మోసం అనొచ్చా?

వంటింటి పద్దు:
అంట్ల సబ్బు, టీ పొడి, బిస్కెట్లు, నూనె... ఏది తెచ్చినా రేటు పాతదే. కవరూ పాత సైజే. లోపల సరుకు మాత్రం తగ్గింది. నూనె ప్యాకెట్ అంటే లీటరు అనుకోవడం మనకి అలవాటు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు అదే ఎత్తు, అదే రంగు కవర్లో 850 గ్రాములవీ 800 గ్రాములవీ కూడా అమ్ముతున్నారు. నెల సరుకులు నెలాఖరుకి ముందే అయిపోతే ఇంట్లో మాట పడేది నేను, కంపెనీ కాదు.

నా వాదన ఇదీ. రేటు పెంచితే పెంచండి, తిట్టుకుంటూ అయినా కొంటాం. చెప్పకుండా తూకం తగ్గించడం మోసమే. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

హోల్‌సేల్ బాబాయ్:
నేను కాదంటానమ్మా. ఖమ్మం వైపు పల్లెటూరి కొట్లకి సరుకు వేస్తాను. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ కొనేది కూలి నుంచి ఇంటికొచ్చే ఆవిడ, బడికెళ్లే పిల్లాడు. వాళ్లు అడిగేది "అయిదు రూపాయలది" అనే, ఎన్ని గ్రాములని అడగరు. దాన్ని ఆరున్నర చేస్తే చిల్లర లేదని కొట్టువాడు చాక్లెట్ చేతిలో పెడతాడు.

2022 సంగతి గుర్తు తెచ్చుకోండి. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ఆగింది. ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. బిస్కెట్లలో, నూడుల్స్‌లో, సబ్బుల్లో ఉండేది ఆ పామాయిలే. కంపెనీ ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి కదా. తూకం ప్యాకెట్ మీద అచ్చేసే ఉంటుంది. ఇందులో దాచిందేముంది?

ఉప్పల్ కుర్రోడు:
బాబాయ్, ఆ నిషేధాన్ని ఇండోనేషియా నెల తిరక్కుండానే ఎత్తేసింది. పామాయిల్ రేటు కూడా ఆ ఏడాదే బాగా దిగింది. మరి తగ్గిన గ్రాములు వెనక్కి వచ్చాయా? తూకం అచ్చేశారంటారు, అది కవరు మడతలో చీమ తలకాయంత ఉంటుంది. మా నాన్న కళ్లజోడు పెట్టుకున్నా చదవలేడు.

హోల్‌సేల్ బాబాయ్:
గ్రాములు పెరిగిన సందర్భం కూడా ఉంది తమ్ముడూ. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, ఒంటి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్ట్ మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. లెక్క ప్రకారం అయిదు రూపాయల ప్యాకెట్ 4 రూపాయల 45 పైసలు కావాలి. అలా అచ్చేసిన ప్యాకెట్లు మార్కెట్లోకి వచ్చాయి కూడా. యాభై అయిదు పైసలు ఎవరు తిరిగిస్తారు, ఎలా ఇస్తారు? అందుకే రేటు మళ్లీ అయిదే చేసి గ్రాములు పెంచారు. అప్పుడెవరూ మోసం అనలేదే!

వంటింటి పద్దు:
పెంచినప్పుడు "ఎక్స్‌ట్రా" అని సగం కవరు నిండా పసుపు రంగు పులుముతారు బాబాయ్ గారూ. తగ్గించినప్పుడు ఆ రంగు అయిపోతుందా?

లెక్కల మాస్టారు:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. ఒకప్పుడు ఇంత విచ్చలవిడిగా తగ్గించడానికి వీలుండేది కాదు. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజింగ్ నిబంధనల్లో ఒక పట్టిక ఉండేది. టీ, బిస్కెట్లు, వంటనూనె, ఉప్పు, సబ్బులు, డిటర్జెంట్ పొడి లాంటి 19 రకాల సరుకుల్ని ఆ పట్టికలోని సైజుల్లోనే అమ్మాలి. నూనె అయితే అర లీటరు, లీటరు, రెండు లీటర్లు, ఇలా. 2021 నవంబరులో సవరణ తెచ్చి, 2022లో ఆ పట్టికనే తీసేశారు. బదులుగా "యూనిట్ ధర" అచ్చేయమన్నారు. కిలో కంటే తక్కువ ప్యాకెట్ మీద గ్రాముకి ఎంతో, ఎక్కువైతే కిలోకి ఎంతో రాయాలి. సైజు ఏదైనా కొనేవాడు పోల్చుకుంటాడని దాని ఉద్దేశం.

వినడానికి బాగుంది, లెక్క వేసి చూడండి. 910 గ్రాముల నూనె 140 రూపాయలు అనుకుందాం. పక్కనే 800 గ్రాములది 130. చెయ్యి 130 దాని మీదికే పోతుంది. కిలోకి చూస్తే మొదటిది 153 రూపాయల 85 పైసలు, రెండోది 162 రూపాయల 50 పైసలు. కానీ కవరు మీద ఉండేది గ్రాము ధర, అదీ రెండు దశాంశ స్థానాలకి సవరించింది: ఒకదాని మీద 0.15, రెండోదాని మీద 0.16. కిలోకి ఎనిమిదిన్నర రూపాయలు దాటిన తేడా అక్కడ ఒక్క పైసాగా కనిపిస్తుంది. ఇంకా విచిత్రం, కిలో 146 పడే నూనె మీదా 154 పడే నూనె మీదా ఒకే అంకె వస్తుంది, 0.15. అంత నూనె కొనేవాడికి ఆ అంకె ఎందుకు పనికొస్తుంది? కిలోకో, కనీసం వంద గ్రాములకో రాయమంటే సరిపోయేది.

మరో సంగతి. పది రూపాయల ప్యాకెట్‌ని 100 గ్రాముల నుంచి 80కి దించితే "ఇరవై శాతం తగ్గింది" అంటాం. మన జేబుకి అది ఇరవై అయిదు శాతం ధర పెరిగినట్టు. నా పదో తరగతి పిల్లలే ఇక్కడ తడబడతారు, ఇక కొట్టు ముందు నిలబడి ఎవరు లెక్కేస్తారు!

పారిస్ బావ:
ఫ్రాన్స్‌లో దీనికి చట్టమే తెచ్చారు. 2024 జూలై 1 నుంచి, 400 చదరపు మీటర్లు దాటిన సూపర్ మార్కెట్లు, సరుకు తగ్గి యూనిట్ ధర పెరిగిన వస్తువు దగ్గర ఆ సంగతి చెప్తూ రెండు నెలలు బోర్డు పెట్టాలి. అంతకు ముందు ఏడాదే కార్ఫూర్ అనే అక్కడి పెద్ద సూపర్ మార్కెట్ల సంస్థ తనంతట తాను అలాంటి స్టిక్కర్లు అంటించింది. పెద్ద కంపెనీలతో బేరానికి కూర్చునే ముందు వాళ్ల పరువు తీయడం కూడా అందులో భాగమే అనుకోండి.

హోల్‌సేల్ బాబాయ్:
అది అక్కడ కుదురుతుంది బాబూ. ఇక్కడ కొట్టంటే పదడుగుల గది. తగ్గించింది కంపెనీ, బోర్డు పెట్టనందుకు జరిమానా కట్టేది కొట్టువాడా?

లెక్కల మాస్టారు:
న్యాయమైన ప్రశ్న. అందుకే నాకు దక్షిణ కొరియా పద్ధతి నచ్చింది. అక్కడ 2024 ఆగస్టు నుంచి బాధ్యత తయారీదారుది. తగ్గిస్తే మూడు నెలల పాటు ప్యాకెట్ మీదో, వెబ్‌సైట్‌లోనో, అమ్మే చోటో చెప్పాలి, లేకపోతే జరిమానా. మనకైతే ప్యాకెట్ మీదే అనాలి. వెబ్‌సైట్ చూసి ఉప్పు కొనేవాడు లేడు.

ఉప్పల్ కుర్రోడు:
మాస్టారూ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఏమీ చేయరా?

లెక్కల మాస్టారు:
అచ్చేసిన తూకం కంటే లోపల తక్కువుంటే తప్పకుండా చేయండి, అది నేరం. 80 అని రాసి 80 ఇస్తే మాత్రం తూకం తక్కువని కేసు కట్టడానికి లేదు. మన గొడవంతా ఆ సందు గురించే.

ఉప్పల్ కుర్రోడు:
అయితే పాత పట్టికే మళ్లీ తెమ్మందాం. అయిదు రూపాయలది పోతే పోనివ్వండి, ఆరున్నర అయినా ఫోన్‌తో కొడతారు. చిల్లర గోల ఎప్పుడో పోయింది.

హోల్‌సేల్ బాబాయ్:
బడికెళ్లే పిల్లాడి చేతిలో ఉండేది అయిదు రూపాయల బిళ్ల తమ్ముడూ, ఫోన్ కాదు. సైజు కట్టేస్తే ధర కదులుతుంది. ధర కదిలితే ముందు మానేసేది వాళ్లే. హైదరాబాద్‌లో కూర్చుంటే అది కనపడదు.

వంటింటి పద్దు:
సరే, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకి వినతి రాస్తున్నాను. ఒకటి, తూకం తగ్గిస్తే మూడు నెలలు పాత తూకం, కొత్త తూకం రెండూ కవరు ముందు వైపే పెద్ద అక్షరాల్లో వేయాలి. రెండు, ఆ 19 సరుకులకి పాత సైజులు తిరిగి తేవాలి. మాస్టారు చెప్పిన వంద గ్రాముల ధర కూడా మొదటిదాంట్లోనే కలుపుతాను. పేరు ఇచ్చేవాళ్లు కింద రాయండి. బాబాయ్ గారూ, మీ పేరు వేయమంటారా?

హోల్‌సేల్ బాబాయ్:
మొదటిదానికి వేసుకోమ్మా. రెండోదానికి మాత్రం వద్దు.