స్టాండర్డ్ హెరాల్డ్ (పాత కారు): క్లచ్ తొక్కినా గేరు పడటం లేదు

ప్రశ్న (కావలి): పెడల్ మెత్తగా దిగిపోతోంది, రివర్స్ గేరు గరగరమంటోంది. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పడుతోంది. బయట ఎక్కడా తడి లేదు. పోయింది పెడల్ దగ్గర ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండరా, గేర్‌బాక్స్ దగ్గర క్లచ్‌ని కదిలించే స్లేవ్ సిలిండరా అన్నా?

జవాబు (ఒంగోలు): లోపల గేర్‌బాక్స్ మీది కవర్ తీయండి, స్లేవ్ కనిపిస్తుంది. ఒకరిని పెడల్ తొక్కి పట్టుకోమని స్లేవ్ రాడ్ చూడండి. ముందుకొచ్చి మెల్లగా వెనక్కి జారుతుంటే మాస్టర్ లోపలి సీల్ పోయినట్టే. ఆయిల్ బయటికి కారదు, తిరిగి డబ్బాలోకే పోతుంది. రాడ్ మొదటి నుంచీ కొంచెమే కదిలితే గాలి పట్టి ఉంటుంది, బ్లీడ్ చేయండి (పెడల్ తొక్కించి, స్లేవ్ మీది నిపుల్ వదులు చేసి గాలి బయటికి పంపండి). నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. స్లేవ్ రబ్బరు బూటు ఎత్తి చూడటం మర్చిపోవద్దు, కారిన ఆయిల్ అందులోనే దాక్కుంటుంది.

జవాబు (నెల్లూరు): సీళ్ల కిట్ కొనేముందు బోరు (సిలిండర్ లోపలి గోడ) చూడండి. క్లచ్‌లో పోసే ఈ బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది, మన సముద్రపు గాలికి లోపల తుప్పు గుంతలు పడతాయి. గుంత గోరుకి తగిలితే కొత్త సీలూ నిలవదు, లోపల స్లీవ్ (కొత్త గొట్టం) వేయించాలి, లేదా సిలిండరే మార్చాలి. డాట్ 3 లేదా 4 రకం బ్రేక్ ఆయిల్ మాత్రమే పోయండి. ఇంజిన్ ఆయిల్ కలిస్తే రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

జవాబు (సింగరాయకొండ): అదంతా సరే, పెడల్ దగ్గర పిన్ను చూశారా? దాని రంధ్రం కోడిగుడ్డులా సాగితే సగం తొక్కుడు అక్కడే పోతుంది. స్లేవ్ రాడ్ పూర్తిగా కదిలినా గేరు పడకపోతే మాత్రం హైడ్రాలిక్ (ఆయిల్ వైపు) తప్పు కాదు, క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి (ఇంజిన్‌తో తిరిగే బరువు చక్రానికి) అతుక్కుందేమో చూడండి.