సోలార్ విప్పి బిగించాక చల్లనీళ్లే: ప్లంబరుకి మిగతా డబ్బు ఇవ్వాలా?

బలగ వీధి
శ్రీకాకుళంలో మా ఇల్లు. స్లాబు కారుతోందని మేడంతా కూల్ టైల్స్ వేయించాం. దానికోసం ట్యూబుల సోలార్ హీటరు, 200 లీటర్లది, విప్పి 12 రోజులు గోడకి ఆనించి ఉంచారు. తర్వాత తెలిసిన ప్లంబరే బిగించాడు. నాలుగు రోజులైంది. మేడ మీద ట్యాంకు దగ్గర పైపు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. కింద బాత్రూములో వేడి పంపు తిప్పితే మాత్రం చల్లనీళ్లు. కూలి 3,500కి ఒప్పుకున్నాం, 2,000 ఇచ్చాను. వేడినీళ్లు వస్తేనే మిగతాది అన్నాను. "బిగించమన్నారు, బిగించాను" అంటున్నాడు. ఇవ్వాలా, ఆపాలా?

అరసవల్లి ఎండ
ట్యూబులు ఏ దిక్కుకి ఉన్నాయో చెప్పకుండా డబ్బు సంగతేమిటి నాయనా? మనది 18 డిగ్రీల అక్షాంశం. దక్షిణానికి తిప్పి, అక్షాంశం కన్నా పది డిగ్రీలు ఎక్కువ వాలు పెడితే చలికాలం ఎండ బాగా పడుతుంది. సూర్యనారాయణమూర్తి గుడి ఉన్న ఊళ్లో ఉండి ఎండ పట్టుకోలేకపోతే ఎలా?

కోట జంక్షన్
ఒక్క రూపాయి ఇవ్వొద్దు. 2014లో హుద్‌హుద్ గాలికి విజయనగరంలో మా సోలార్ స్టాండు ఒరిగిపోయింది. సరిచేసినవాడు మొత్తం డబ్బు పట్టుకెళ్లాడు. రెండు ట్యూబుల దగ్గర రబ్బరు రింగులు సరిగ్గా కూర్చోలేదు, రాత్రంతా నీళ్లు కారాయి. అక్టోబరులో ఫోన్ చేస్తే "రేపొస్తానండి" అన్నాడు. వచ్చింది సంక్రాంతి వెళ్లాక. ఆ రోజు నుంచి పని చూశాకే డబ్బు.

ఉప్పునీరు
బోరు నీళ్లయితే ట్యూబుల్లో పొర కట్టేసి ఉంటుంది. ఒకటి తీసి చూడండి.

పైపురెంచి
నేనూ ప్లంబరునే, ముందే చెబుతున్నా.

ట్యాంకు దగ్గర చెయ్యి కాలుతోందంటే ట్యూబులు బాగానే ఉన్నాయి. వేడెక్కిన నీరు తేలికై ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లది కిందికి దిగుతుంది. దానికి మోటారు లేదు, ఏమీ లేదు. దిక్కు, ఉప్పు వదిలేయండి. వేడి ఉంది, కిందికి రావట్లేదు, అంతే. ఎవరూ ట్యూబులు పీకొద్దు. మిట్టమధ్యాహ్నం ఎండకి కాలిన ఖాళీ ట్యూబులో చల్లనీళ్లు పోస్తే టప్పున పగులుతుంది.

బలగ గారూ, ఒక్కటి చెప్పండి. వేడి పంపు తిప్పితే ధార బాగా వస్తోందా? సన్నగా వస్తోందా?

అరసవల్లి ఎండ
దిక్కు వదిలేయమనడం చాలా తేలిక.

బలగ వీధి
ధార బాగానే వస్తోందండి. చల్లగా వస్తోంది, అంతే.

కోట జంక్షన్
అయితే పైపులో గాలి అడ్డుపడే ఎయిర్ లాకు కానే కాదు. గాలి పడితే అసలు నీళ్లే రావు. బిగించినవాడు పైపులు తారుమారు చేశాడు. చల్లనీళ్ల లైను వేడి లైనుకి కలిపేశాడు. నే చెప్పలా?

పైపురెంచి
తారుమారైతే చల్ల పంపులో వేడినీళ్లు రావాలి కదా. వస్తున్నాయా? రావట్లేదు.

ఇది చూడండి. మీ మిక్సరుకి నొక్కితే నీళ్లొచ్చే హ్యాండ్ షవర్ ఉందా? రెండు పిడులూ తిప్పేసి, చివర మాత్రం మూసి వదిలేస్తే చల్లనీళ్లు మిక్సరులోంచి వేడి లైనులోకి దూరతాయి. అప్పుడు వేడి పంపులో ధారగా వచ్చేది కూడా చల్లనీరే. మేడ మీద బాత్రూముల చల్లనీళ్ల వాల్వు కట్టేసి, సోలార్‌కి వెళ్లే లైను ముట్టుకోకుండా, వేడి పంపు తిప్పండి. ఏమీ రాకపోతే పైన గాలి పట్టినట్టే.

గీజరు గొడవలేదు
15 లీటర్ల గీజరు పెట్టుకోండి సార్. ఒక బకెట్టుకి అర యూనిట్ కరెంటు. ఎందుకీ టెన్షన్.

కోట జంక్షన్
వాల్వులన్నీ యజమానే కట్టి, యజమానే పరీక్ష చేసి, డబ్బు కూడా యజమానే ఇవ్వాలా? ఒక ప్లంబరు తప్పు ఇంకో ప్లంబరు ఎప్పుడూ ఒప్పుకోడు.

పైపురెంచి
మీ రబ్బరు రింగు పన్నెండేళ్లుగా మోస్తున్నారు, దింపండి సార్. నా పుస్తకంలో "మిగతాది రేపు" అన్నవాళ్ల పేర్లు రాసుకుంటే రెండు పేజీలు నిండాయి. టైల్స్ మేస్త్రీకి చివరి రూపాయి దాకా ఇస్తారు. పైపులవాడి దగ్గరికి వచ్చేసరికి న్యాయం గుర్తొస్తుంది. బలగ గారూ, మేస్త్రీకి ఎంత ఆపారు?

బలగ వీధి
మేస్త్రీకి మొత్తం ఇచ్చేశాను. అది వేరే సంగతి.

వాల్వు కట్టి చూశాను. వేడి పంపులో చుక్క రాలేదు. హ్యాండ్ షవర్ దగ్గర రెండు పిడులూ తెరిచే ఉన్నాయి. సోలార్ లేని రోజుల్లో పిల్లలు అలా వదిలేశారు.

పైపురెంచి
ఇప్పుడు నిజం చెప్పండి. వేడి పైపు ఇదివరకు ఎటు వెళ్లేది, ఇప్పుడెటు వెళ్తోంది?

బలగ వీధి
ఇదివరకు స్లాబు మీద క్లాంపులు కొట్టి, మూల చిల్లులోంచి కిందికి దిగేది. ఆ చిల్లు దగ్గరే కారేది కాబట్టి మూయించేశాం. కొత్త టైల్స్‌కి మేకు దింపొద్దని, నడిచే దారికి అడ్డం రాకూడదని నేనే చెప్పాను. పైపు నేల వెంట వెళ్లి, పిట్టగోడ ఎక్కి అవతల దిగింది. అతను "ఇలాగైతే గాలి పడుతుందండి" అన్నాడు. నిజమే, అన్నాడు. ముందు బిగించు, తర్వాత చూద్దాం అన్నాను.

పైపురెంచి
ఆ మాట మొదటి రోజే చెప్పాల్సింది కదండీ. దిగిన పైపు మళ్లీ మూడడుగులు ఎక్కి దిగితే ఆ గూని దగ్గర గాలి చేరుతుంది. నీళ్లు వేడెక్కిన కొద్దీ అందులోని గాలి బుడగలై బయటికొస్తుంది, అదంతా అక్కడే కూర్చుంటుంది. ఇవాళ కింద నుంచి మోటారు ఒత్తిడితో నెట్టినా నాలుగు రోజుల్లో మళ్లీ పడుతుంది. ఆ గూని మీద ఒక టీ జాయింటు పెట్టి, నిలువు పైపు మీ చల్లనీళ్ల ట్యాంకు కన్నా ఎత్తుకి లేపి, కొస తెరిచి వదలాలి.

కోట జంక్షన్
యజమాని వంద చెబుతాడు. తెలిసినవాడు "ఇలా చెయ్యను" అనాలి. డబ్బు తీసుకునేది తెలివికి కూడా కదా? తెలిసీ బిగించాడంటే తప్పు రెండింతలు.

పైపురెంచి
చెయ్యనంటే మీరు ఇంకొకణ్ణి పిలుస్తారు. ఆ రోజు మాకు కూలి పోతుంది. మీరు చెప్పినట్టు చేస్తే తప్పు మాది, చెయ్యనంటే పొగరు మాది. మేం ఏ మాట అనాలో మీరే రాసివ్వండి.

ఉప్పునీరు
ఇద్దరూ కరెక్టే. అయినా ఒక ట్యూబు తీసి చూడండి.

బలగ వీధి
ఆదివారం పొద్దున్న ఎండెక్కకముందే అతను వచ్చాడు. నిలువు పైపు లేపాడు. పంపు తిప్పితే ముందు దగ్గినట్టు గాలి, తర్వాత గోరువెచ్చగా, తర్వాత చెయ్యి పెట్టలేనంత వేడి. 1,500 ఇచ్చేశాను. టీ జాయింటుకి, పైపు ముక్కకి 380 అయితే అదీ నేనే పెట్టాను. మళ్లీ వచ్చినందుకు కూలి ఇవ్వలేదు. అతను అడగలేదు.

పైపురెంచి
అడగలేదా, అడగలేకపోయాడా?

కోట జంక్షన్
తను బిగించినది తనే బాగుచేశాడు. కూలి దేనికి?

అరసవల్లి ఎండ
ఇంతకీ ట్యూబులు ఏ దిక్కుకి ఉన్నాయో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

బలగ వీధి
దక్షిణమేనండి. కాస్త నైరుతికి తిరిగినట్టుంది.

అరసవల్లి ఎండ
చూశారా!