తొమ్మిదో తరగతి ఆఖరి పీరియడ్, తీసుకున్న ఫోన్: మీరైతే ఏం చేసేవారు?

కొత్త సోషల్ టీచర్, గజపతినగరం వైపు

అందరికీ నమస్కారం. 2025 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ సోషల్ వచ్చింది. జెడ్పీ హైస్కూల్లో తొమ్మిది ‘బి’కి క్లాస్ టీచర్ని. నిన్నటి సంగతి చెప్తాను, అనుభవం ఉన్నవాళ్ళు దారి చూపించండి.

ప్రేయర్లో ప్రతిజ్ఞ నడుస్తుంటే వెనక లైన్లో తోపులాట. మొదటి పీరియడ్లో హాజరు వేద్దామంటే యాప్ తెరుచుకోలేదు. ఆ సందులోనే ఇద్దరు కలబడి చొక్కా గుండీలు తెంపుకున్నారు. భోజనాల దగ్గర గుడ్డు పెంకులు విసురుకుంటే వంటమ్మ నా మీద విసుక్కుంది. అదంతా ఓర్చుకున్నాను. ఆఖరి పీరియడ్లో మ్యాపు తగిలించి నదులు చెబుతున్నాను. నేను అటు తిరిగితే ఈల, ఇటు తిరిగితే ఎవరికీ ఏమీ తెలియదు. ఇంతలో ఒకడి దగ్గర ఫోన్లో పాట మోగింది. తీసుకున్నాను. ‘మా అమ్మమ్మది, ఇచ్చీయండి’ అన్నాడు. పెద్దవాళ్ళని తీసుకురమ్మన్నాను. సంచి అక్కడే పడేసి గోడ దూకి పోయాడు.

లాంగ్ బెల్ కొట్టేసరికి ఆవిడ గేటు దగ్గరే ఉంది. ‘మా గుంటడి ఫోను లాగీసుకున్నారేటి? ఆళ్ళమ్మ మద్రాసు నుంచి చేస్తే నానేటి సెప్పాలి?’ అని అందరి ముందూ అరిచింది. హెచ్ఎం గారు గొడవెందుకు ఇచ్చేయమన్నారు. ఇచ్చేశాను. ఇవాళ వాడు క్లాసులో నవ్వుతూ కూర్చున్నాడు.

ఆఖరి పీరియడ్ని ఎలా నడుపుతున్నారు? ఫోన్ అలా తిరిగి ఇచ్చాక క్లాసులో మాట చెల్లాలంటే ఏం చేయాలి? తల్లిదండ్రులు ఊళ్ళో లేని పిల్లల గురించి ఎవరితో మాట్లాడాలి? గుంజీలు తీయిద్దామనుకుంటే ఒక సీనియర్ మేడం వద్దన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

లెక్కల మేస్టారు, చీపురుపల్లి

మేడం, ఫోన్ విషయం ఒక్కటే చెప్తాను, అది నన్ను కాల్చింది కాబట్టి. పిల్లలు బడికి ఫోన్ తేకూడదని 2023 ఆగస్టులోనే ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. మనం కూడా మన ఫోన్ క్లాసులోకి తీసుకెళ్ళకూడదు. కాబట్టి తీసుకోవడం తప్పు కాదు. కానీ తీసుకున్న ఫోన్ మీ టేబుల్ సొరుగులో ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. పిల్లాడి ఎదురుగా స్విచాఫ్ చేయించి, కంపెనీ, రంగు, గాజు పగిలి ఉందా లేదా రిజిస్టర్లో రాసి, వాడి చేత సంతకం పెట్టించి, హెచ్ఎం గారి బీరువాలో పెట్టాలి. నేను రాయలేదు. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చి గాజు నేనే పగలగొట్టానన్నాడు. స్టాఫ్ రూమ్‌లో ఒక్కరు నోరు విప్పలేదు. నా జేబులోంచి బాగు చేయించాను. ఆ పగులు నెల్లాళ్ళుగా ఉందని ఆ క్లాసు పిల్లలందరికీ తెలుసు.

పీడీ సార్, టెక్కలి

గుంజీలు ఎందుకు వద్దన్నారు ఆ మేడం? నేను ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్ని, గ్రౌండ్లో రోజూ తీయిస్తాను. తొడల బలానికి, ఊపిరికి మంచిది. నా దగ్గర ఈల వేసినవాడు లేడు. కబడ్డీలో నా పిల్లలు జిల్లా జట్టుకి ఆడారు, అందులో సగం మంది ఒకప్పుడు వెనక బెంచీ వాళ్ళే. భయం లేకపోతే క్రమశిక్షణ లేదు. ఇరవై ఏళ్ళ సర్వీసు అండీ ఇది.

విశ్రాంత హెచ్ఎం, విజయనగరం

పీడీ గారూ, కొత్తమ్మాయికి ఈ సలహా ఇవ్వకండి, ఉద్యోగం మీదికి వస్తుంది. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17: శారీరక శిక్ష, మానసిక వేధింపు రెండూ నిషేధం. ఉల్లంఘిస్తే సర్వీసు రూల్స్ ప్రకారం చర్య. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, మన రాష్ట్రంలో బెత్తం అంతకు ముందే పోయింది. జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు చదవండి. బెంచీ ఎక్కించడం, గోడకుర్చీ, తల మీద సంచి, కోడిలా వంగోబెట్టడం, మోకాళ్ళ మీద నిలబెట్టడం, అన్నీ శారీరక శిక్షలే. ఎగతాళి చేయడం, పేర్లు పెట్టి పిలవడం మానసిక వేధింపు. నేను హెచ్ఎంగా ఉండగా ఎంక్వయిరీలు దగ్గరుండి చూశాను. ఎంఈఓ (మండల విద్యాధికారి) ముందు ‘వ్యాయామం అండీ’ అంటే నడవదు.

పీడీ సార్, టెక్కలి

మీరు చెప్పిన వరసలో గుంజీలు ఎక్కడ ఉన్నాయి సార్? ప్రపంచమంతా స్క్వాట్స్ అని డబ్బులిచ్చి చేస్తున్నారు. నేను చేయిస్తే నేరమా?

విశ్రాంత హెచ్ఎం, విజయనగరం

క్లాసంతటితో చేయిస్తే వ్యాయామం. ఈల వేసినవాడి ఒక్కడితో, అందరూ చూస్తుండగా చెవులు పట్టించి చేయిస్తే శిక్ష. ఇందులో తెలియనిదేముంది?

తెలుగు పండిట్, బొబ్బిలి

గుంజీల మాట వచ్చింది కాబట్టి. 2025 మార్చిలో మా బొబ్బిలి మండలంలోనే ఒక హైస్కూల్ హెచ్ఎం గారు పిల్లలు మాట వినడం లేదని, చదువు రావడం లేదని బాధపడి వాళ్ళ ముందు సాష్టాంగపడి తానే గుంజీలు తీశారు. వీడియో అందరూ చూశారు, విద్యాశాఖ మంత్రి కూడా స్పందించారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొట్టకూడదు, తిట్టకూడదు, సరే. అప్పుడు మిగిలేది మన శరీరాన్ని మనమే శిక్షించుకోవడమా? ఆయన బాధ నిజం. నేను ఆయన పక్షమే.

ఇంగ్లీష్ టీచర్, ఆమదాలవలస

నేను కాదు. ఆయన బాధను గౌరవిస్తాను, కానీ ఆ పని ఏ గురువూ చేయకూడదు. ఒక రోజు పిల్లలు ఏడుస్తారు, నాలుగో రోజుకి మామూలే. రేపు మా క్లాసులో ఒకడు ‘మీరూ తీయండి టీచర్’ అంటే నేనేం చెప్పాలి?

తెలుగు పండిట్, బొబ్బిలి

మీరు ఆ పిల్లల్ని చూశారా? మా వైపు పరిస్థితి మీకు తెలుసా? టౌను పక్కన కూర్చుని మాట్లాడటం తేలిక.

ఇంగ్లీష్ టీచర్, ఆమదాలవలస

టౌను పక్కనా? రోజూ రెండు ఆటోలు మారి వెళ్తాను సార్. తొమ్మిదో తరగతిలో ‘దిస్ ఈజ్ ఎ’ దాటి చదవలేని పిల్లలు నా ముందూ ఉన్నారు. ఎనిమిది దాకా ఎవరినీ ఫెయిల్ చేసి అదే తరగతిలో ఆపకూడదన్నారు, 2019లో చట్టం మార్చి ఐదు, ఎనిమిదిలో ఆపే అవకాశం రాష్ట్రాలకిచ్చారు. ఆపినా ఆపకపోయినా చదవడం రాని పిల్లాడు ఏడు పీరియడ్లు ఖాళీగా కూర్చోలేడు. ఈల అందుకే. వాడికి ఆ క్లాసులో చేయగలిగిన పని అదొక్కటే.

పీడీ సార్, టెక్కలి

చదవడం రానివాడికి ఈల వేసే హక్కుందా?

ఇంగ్లీష్ టీచర్, ఆమదాలవలస

ఎవరన్నారు హక్కని? కారణం చెబుతున్నాను. మీరు చదివి మాట్లాడండి.

ఏకోపాధ్యాయుడు, మెళియాపుట్టి

మీకు కనీసం పీరియడ్లున్నాయి. నాకు ఒకటి నుంచి ఐదు దాకా అన్నీ ఒకే గదిలో. పొద్దున్న ముఖం చూపించి హాజరు, తర్వాత పిల్లల హాజరు, భోజనం ఫోటో, గుడ్ల లెక్క, చిక్కీల లెక్క. సిగ్నల్ కోసం గట్టు ఎక్కాలి. నేను గట్టు మీద ఉండగా రెండో తరగతి పిల్ల పలక పెట్టి ఒకడి నుదురు పగలగొట్టింది. తప్పెవరిది? ఆ పిల్లదా? ముందు ఈ యాప్‌ల సంగతి తేల్చండి, తర్వాత గుంజీల గురించి కొట్టుకోవచ్చు.

లెక్కల మేస్టారు, చీపురుపల్లి

సార్, మీ గుడ్ల లెక్క ఇప్పుడు వారం వారీగా అడుగుతున్నారా రోజూనా? మాకు రోజూ.

ఏకోపాధ్యాయుడు, మెళియాపుట్టి

రోజూ.

ప్రైవేట్ స్కూల్ టీచర్, శ్రీకాకుళం టౌన్

ప్రభుత్వ టీచర్లకి జీతమైనా సమయానికి వస్తుంది. మా దగ్గర పిల్లాడు పుస్తకం నా మీదికి విసిరితే యాజమాన్యం ‘ఫీజు మొత్తం ఒకేసారి కట్టారు మేడం, చూసీ చూడనట్టు పొండి’ అంది. 2025 ఏప్రిల్లో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫోన్ తీసుకున్నందుకు మేడం మీద విద్యార్థిని చెప్పు ఎత్తిన వీడియో మన వైపుదే. అంత పెద్ద చదువులోనే అలా ఉంటే తొమ్మిదో తరగతిలో మర్యాద ఎక్కడి నుంచి వస్తుంది? కొత్త మేడం గారూ, మీ హెచ్ఎం గారు మిమ్మల్ని అందరి ముందూ తగ్గించారు. నాకు కోపం వస్తున్నది పిల్లాడి మీద కాదు, ఆయన మీద.

తెలుగు పండిట్, బొబ్బిలి

నిజం. ఇచ్చేయాల్సి వచ్చినా ముందు గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మేడం చేత్తోనే ఇప్పించాలి. గేటు దగ్గర పంచాయితీ ఏమిటి?

సైన్స్ మేస్టారు, నరసన్నపేట

తల్లిదండ్రులదే తప్పంటాను. ‘తల్లికి వందనం’ పథకం డబ్బు 13,000 ఖాతాలో పడలేదని అడగడానికి వరసగా వస్తారు. పేరెంట్ మీటింగ్‌కి రమ్మంటే ‘పనుంది మేస్టారూ’. పిల్లాడి నోట్సు తెరిచి చూసినవాళ్ళు ఎంతమంది?

ఒక తల్లి, సోంపేట దగ్గర ఉద్దానం పల్లె

ఎప్పుడూ చదవడమే గానీ రాయను. సైన్స్ మేస్టారి మాటకి రాస్తున్నాను. మా ఆయనకి కిడ్నీలు పాడై వారంలో మూడు రోజులు పలాసలో డయాలసిస్. తీసుకెళ్ళేది నేనే. మిగతా రోజుల్లో జీడిపప్పు ఒలుస్తాను. మీరు మీటింగ్ పెట్టిన రోజు మాకు డయాలసిస్ రోజు. మా అబ్బాయి తొమ్మిదే. వాడూ మాట వినడు. ఇంట్లో వాళ్ళ నాన్న మంచం పక్కన కూర్చోలేక బయట తిరుగుతాడు, నాకు తెలుసు. ఒక్క మేడం సాయంత్రం ఫోన్ చేసి ‘మీవాడు ఇవాళ లెక్క ఒక్కడే చేశాడమ్మా’ అన్నారు. ఆ రాత్రి వాడికి చెప్తే ఏమీ అనలేదు గానీ మర్నాడు లేపకుండానే లేచాడు. మీరు ఫోన్ చేస్తే ఎప్పుడూ తప్పు చెప్పడానికే చేస్తారు. అందుకే మీ నంబర్ చూస్తే ఎత్తడానికి భయం.

సైన్స్ మేస్టారు, నరసన్నపేట

అమ్మా, మిమ్మల్ని అనలేదు. అందరూ మీలా ఉండరు కదా.

ఇంగ్లీష్ టీచర్, ఆమదాలవలస

‘తల్లిదండ్రులదే తప్పంటాను’ అని రాశారు మీరు పైన, కొందరిదని కాదు.

కేజీబీవీ టీచరమ్మ, రణస్థలం వైపు

కొత్త మేడం మూడు ప్రశ్నలడిగితే ఇంతవరకూ ఆఖరి పీరియడ్ గురించి ఒక్కరూ చెప్పలేదు. నేను చెప్తాను, మా కస్తూర్బా బాలికా విద్యాలయంలో అందరూ ఆడపిల్లలే అయినా ఈలలు తక్కువేం కాదు.

మధ్యాహ్నం అన్నం తిని, ఎండలో ఆడి వచ్చిన పిల్లలకి ఆఖరి పీరియడ్లో పాఠం ఎక్కదు. టైంటేబుల్ వేసేవాళ్ళని బతిమాలైనా ఆ క్లాసుకి సోషల్ ముందుకి మార్పించుకోండి. కుదరకపోతే బోర్డు మీద మీరు రాయకండి, వీపు చూపించే పనే పెట్టుకోకండి. మ్యాపు నలుగురికి ఒకటి ఇచ్చి, నాగావళి, వంశధార ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తాయో వాళ్ళనే గీయమనండి. రెండూ ఒడిశా కొండల్లో పుట్టి మన జిల్లాలోనే సముద్రంలో కలుస్తాయి. ఒకటి కళ్ళేపల్లి దగ్గర, ఒకటి కళింగపట్నం దగ్గర. మీ పిల్లలైతే ఆ మ్యాపులో చంపావతి, గోస్తనీ కూడా గీస్తారు. ఈల వేసేవాడికి బోర్డు మీద పేర్లు రాసే పని ఇవ్వండి. మీరు గది వెనక నిలబడండి. వెనక నుంచి టీచర్ చూస్తుంటే ఈల రాదు.

అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లల సంగతి. చెన్నై, హైదరాబాద్ బిల్డింగ్ పనులకి, గుజరాత్ వేరావల్ పడవల మీదికి పోయిన ఇళ్ళు మన వైపు ఎన్నో. ఆ ఫోన్ వాడికి పాటల పెట్టె కాదు, అమ్మ గొంతు. తల్లి నంబర్ తీసుకోండి. ఆదివారం ఆవిడకి తీరికుంటుంది. అమ్మమ్మతో గేటు దగ్గర కాదు, ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చుని మాట్లాడండి.

పీడీ సార్, టెక్కలి

ఇళ్ళకి కూడా మేమే వెళ్ళాలా? టీచర్లం, ఆశా వర్కర్లం కాదు.

కేజీబీవీ టీచరమ్మ, రణస్థలం వైపు

మీ కబడ్డీ జట్టుని జిల్లా పోటీలకి పంపేటప్పుడు మీరు ఏ ఇంటికీ వెళ్ళలేదా సార్? తల్లిదండ్రుల సంతకాలు ఎలా వచ్చాయి?

పీడీ సార్, టెక్కలి

వెళ్ళాను. అది వేరు.

విశ్రాంత హెచ్ఎం, విజయనగరం

ఏమీ వేరు కాదు. నేను 35 ఏళ్ళ సర్వీసులో ప్రతి ఏడూ పదో తరగతి పిల్లల ఇళ్ళన్నీ తిరిగాను. మా బడి ఫలితాలు మండలంలో ముందుండేవి. ఇంకొకటి, గోడ దూకి పోయిన పిల్లాడి విషయం ఎవరూ పట్టించుకోలేదు. బడి వేళల్లో పిల్లాడు బయట ఏదైనా అయితే బాధ్యత బడిదే. ఆ క్షణమే హెచ్ఎంకి చెప్పాలి, ఇంటికి ఫోన్ చేయాలి, మూవ్‌మెంట్ రిజిస్టర్లో రాయాలి. ఫోన్ కంటే అది ముఖ్యం.

కొత్త సోషల్ టీచర్, గజపతినగరం వైపు

అందరికీ ధన్యవాదాలు. పీడీ సార్ కోప్పడకండి, గుంజీలు మాత్రం పెట్టను. టైంటేబుల్ అడిగాను, ఆఖరి పీరియడ్ హిందీ మేడం తీసుకుంటానంటే నాకు రెండో పీరియడ్ వస్తుంది. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. తల్లి నంబర్ ఆ పిల్లాడి దగ్గరే తీసుకున్నాను. ఎందుకని అడిగాడు. తప్పు చెప్పడానికి కాదన్నాను. నమ్మలేదు. సోంపేట అమ్మ గారూ, మొదటి ఫోన్ మీరు చెప్పినట్టే చేస్తాను. వాడు గంగా, గోదావరి పొడవులు పుస్తకం చూడకుండా చెప్పగలడు, అదే చెప్తాను.

లెక్కల మేస్టారు, చీపురుపల్లి

మంచిది మేడం. రిజిస్టర్ మాత్రం మర్చిపోకండి. పిల్లాడి సంతకం, తేదీ, టైము.

ఏకోపాధ్యాయుడు, మెళియాపుట్టి

ఇవాళ హాజరు యాప్ ఎవరికైనా పని చేసిందా? మాకు పొద్దున్నుంచి తిరుగుతూనే ఉంది.

సైన్స్ మేస్టారు, నరసన్నపేట

మాకు తొమ్మిదింటికి ముందే అయింది. ఒకసారి తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి చూడండి. కాకపోతే స్క్రీన్‌షాట్ తీసి సీఆర్‌పీకి (క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌కి) పంపండి, లేకపోతే సెలవు కింద రాసేస్తారు.